ఎత్తులో ఆరిపోయిన నిప్పు

ప్రశ్న అడిగినవాడి చేతికి పానా అందించడం నంద్యాల కార్ల షెడ్డు దస్తగిరి మేస్త్రీకి అలవాటు. ఆయన దగ్గర పని నేర్చిన ఓబులేసు ఆ అలవాటును తలుచుకుని ఇప్పటికీ చేతులు జోడిస్తాడు.

ఆ ఎండాకాలం ఓబులేసు తమ్ముడు మద్దిలేటికి గిద్దలూరు దగ్గర రాతిమిల్లులో కాలు పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినవాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి ముట్టడం లేదు. ఓబులేసు పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి ధైర్యం చెప్పేవాడు. సగం వినకుండానే తమ్ముడు పెట్టేసేవాడు.

"నేను చెప్పేది మంచి మాటే గదా మేస్త్రీ, వానికి ఎందుకు ఎక్కడంల్యా?"

"డాక్టరమ్మ కారు అయిందా?" అన్నాడు దస్తగిరి.

అది గిద్దలూరు డాక్టరమ్మ పాత టర్బో కారు. దానికి కొత్త స్పార్క్ ప్లగ్గులు ఓబులేసే ఏరాడు. టర్బో వేడికి ఓర్చుకునేలా ఒక మెట్టు చల్లటి రకం తెచ్చాడు. అంతవరకు బాగుంది. కానీ డబ్బాలోంచి తీసినవాటిని తీసినట్టే బిగించాడు. షెడ్డులో ఇంజను ఒద్దికగా పలికింది.

ఇద్దరూ కారు అప్పజెప్పడానికి బయలుదేరారు. నల్లమల ఘాట్లో ఎత్తు మొదలై టర్బో అందుకోగానే బండి దగ్గింది. ఓబులేసు ఇంకా తొక్కాడు. ఇంకా దగ్గింది. వెనకనుంచి దాటిపోతూ లారీ డ్రైవరు తల బయటపెట్టి, "తాడేమన్నా కట్టాల్నా పెద్దాయనా?" అన్నాడు.

"షెడ్డులో బాగుండె మేస్త్రీ," అని గొణిగాడు ఓబులేసు.

"షెడ్డులో దానికేం కష్టముండె?"

ఇంజను చల్లారేదాకా ఇద్దరూ రోడ్డు పక్కన కూర్చున్నారు. తర్వాత దస్తగిరి ఒక ప్లగ్గు ఊడదీసి ఓబులేసు కళ్ళముందు పెట్టాడు. "నడిమి కొనకూ ఈ కొక్కేనికీ మధ్య సందు చూడు. ఇంజను లోపలికి టర్బో గాలి కుక్కుతుంది. అంత ఒత్తిడిలో అంత దూరం నిప్పు దూకల్యాదు, ఆరిపోతది. నిప్పుది తప్పేం ల్యా."

ఓబులేసు నడిమి కొనకు తగలకుండా, కొక్కేన్ని మెల్లగా తట్టి తట్టి సందు దగ్గర చేశాడు. సందు కొలిచే గేజు రేకు పెట్టి ముప్పావు మిల్లీమీటరుకు సరిచూశాడు. రెండో ప్లగ్గు పట్టుకునేసరికి చెయ్యి ఆగింది. వెనకటికి వేరే షెడ్డులో ఇంజను పాడుచేసి గెంటించుకున్నప్పుడు అతనికి బుద్ధులు చెప్పనివాళ్ళు లేరు. ఇంటి అరుగు మీద నిలబడి చెప్పడానికి ఎవరికేం కష్టం? ఈ మేస్త్రీ ఒక్కడే లోపలికొచ్చి, చాపమీద కూర్చుని, తను తెచ్చుకున్న సంగటి సగం అతని ముందుకు తోసి, తిని, లేచిపోయాడు. ఆ ముద్దే తనను నిలబెట్టిందని ఓబులేసు ఎన్నడూ ఆయనతో అనలేదు. ఇప్పుడూ అనలేక, కళ్ళు భుజానికి తుడుచుకుని మిగతావి ముగించాడు.

కారు ఒక్క దగ్గు లేకుండా ఘాట్ ఎక్కింది.

గిద్దలూరులో డాక్టరమ్మకు తాళాలిచ్చి బయటికొచ్చారు. తమ్ముడి ఇంటి సందు మలుపులో ఓబులేసు, వస్తున్నానని చెప్పడానికి ఫోన్ తీశాడు. బస్టాండు వైపు తిరగబోతున్న దస్తగిరి ఆగి చెయ్యి చాపాడు.

"అది నాకియ్యి. వాడు తిన్నాక బస్టాండుకొచ్చి తీసుకుందువు."