గడప బయటి వెన్న

పంకాలు లాగడానికే మనుషులు సరిపోక పొలాలు బీడుపడుతుంటే, పంకా లేకున్నా చల్లగా ఉండే ఇళ్లే ఉండాలని రాజు శాసనం చేశాడు. అధికారి నరసభూపతి తన మేడ నుంచి మూతపెట్టిన గిన్నెలో వెన్న తెచ్చి, ఇంటింటా మూత తీసి చూసేవాడు. వెన్న కరిగి ఉంటే ఆ ఇల్లు కూల్చేవారు. వీధంతా నేలమట్టమయ్యాక చాపలల్లే పోలమ్మ వంతు వచ్చింది.

“అయ్యా, గడప బయటే మూత తీయండి,” అంది.

తీశాడు. వెన్న అప్పటికే నూనెలా ఉంది.

“మా ఇంట్లోకి రాకముందే కరిగిందిగా. మరి ఈ వీధివాళ్ల ఇళ్లెందుకు కూల్చారు?”

అధికారి తలవంచుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం పొయ్యి రాజేయడానికి నిప్పు అడుగుదామని పోలమ్మ బయటికొచ్చింది. అడగడానికి పక్కిల్లు లేదు.