హంస తెర, కొంగ తెర

చిలకలవాగు ఒడ్డున ఈతచెట్లు వంగి నీళ్లలో మొహం చూసుకుంటూ ఉంటాయి. ఆ ఈతమట్టల చివర గిజిగాళ్ల గూళ్లు. కింద ఇసకలో తాబేళ్లు. గట్టు మీద ఎద్దుల పాక. గట్టు అవతల రాతిగుట్టలో నక్క జంబులయ్య పెట్టుకున్న సామాన్ల కొట్టు. వీటన్నిటికంటే ఎత్తున, తాటిచెట్టు మీద, నేను. కాకిని. మామూలు కాకిననుకునేరు! వాగుకి వరదొచ్చిన ఏడు ఒక్క రెక్క అడ్డం పెట్టి నీళ్లని కొండెక్కించినవాణ్ణి. తుపానుని ఒక్క కేకతో సముద్రంలోకి తిరగ్గొట్టినవాణ్ణి. అంతటి నేను కూడా తెల్లారి లేవగానే ఒకరికి దణ్ణం పెట్టుకుని కానీ ముక్కు తెరవను. ఆయనే ముసలెద్దు గవరయ్య. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నవాడెవడో మా గవరయ్యని చూసి ఉండడు.

ఆ దణ్ణం ఎందుకో చెప్పాలంటే ముందు గిజిగాళ్ల పెళ్లిళ్ల సంగతి చెప్పాలి. పెళ్లికొడుకు గూడు సగం అల్లి కేకేస్తాడు. పెళ్లికూతురు వచ్చి తలకిందులుగా వేలాడి, ముక్కుతో పోచ పోచా లాగి చూస్తుంది. నచ్చిందా, పెళ్లి. నచ్చలేదా, తుర్రుమంటుంది. వాడు ఏడుస్తూ గూడంతా పీకి మళ్లీ మొదలెట్టాలి. ఈలోగా వానలు పడ్డాయంటే ఆ ఏటికి బ్రహ్మచారే.

ఈ బాధ పడలేక నూకరాజు అనే గిజిగాడు ఒక ఉపాయం చేశాడు. పాతసామాన్లలో ఒక కంప్యూటర్ కొని, సోలారు పలక తగిలించి, గూడు బొమ్మ ముందు తెర మీద గియ్యడం మొదలెట్టాడు. పెళ్లికూతుర్ని కూచోబెట్టి, "తలుపు ఇటు పెట్టమంటావా తల్లీ, అటా? గుడ్ల గది ఇంకాస్త లోతుండాలా?" అని అడుగుతాడు. ఆమె ఊఁ అన్నాకే గడ్డి కోస్తారు. కుర్ర గిజిగాళ్లందరూ అతని దగ్గరికే. కూలి, గింజలు. నా సలహాతోనే పెట్టాడనుకోండి.

ఆ యేడు వానలు రేపోమాపో అనగా తెర ఆరిపోయింది. పెట్టె గుర్రుమంటోంది, తెర మాత్రం నల్లరాయి. కొమ్మకొకడు చొప్పున పెళ్లికొడుకులు గోల. నూకరాజు పరుగున జంబులయ్య కొట్టుకెళ్లాడు. అతని నెత్తిమీద నేను.

"రావయ్యా అల్లుడూ!" నక్క ఎదురొచ్చింది. "నీ తెర పోయిందని విని రాత్రి ముద్ద దిగలేదు."

"ఏదో ఒకటి ఇయ్యి మామా. గీత స్పష్టంగా కనపడితే చాలు."

"ఏదో ఒకటా! నీ పెట్టె ఏ కంపెనీది? హంస మార్కు. హంస పెట్టెకి హంస తెరే పడాలి. అదిగో!"

గుహ లోపల, చల్లటి నీడలో, ఎత్తయిన రాతిదిమ్మ మీద హంస తెర దేవుడి మందిరంలా వెలుగుతోంది. గుహ వాకిట్లో, గుంటలో, ఎండకి ఎదురుగా ఇంకో తెర ఉంది. బొమ్మ వెలిసిపోయినట్టుంది.

"మరి అది?"

"కొంగ మార్కు. చవకది. మొహం చూశావుగా, లంఖణాలు చేసిన పెళ్లికొడుకులా. పైగా పరాయి కంపెనీ. తగిలించావా, పెట్టెకి ఒళ్లు మండుతుంది. పొగ! గూడూ గుడ్లూ పెళ్లామూ బూడిద. హంసలో అయితే కోట్ల రంగులు!"

"గూడంతా ఎండుగడ్డి రంగే కదా మామా?"

"రంగులున్న ఇంట్లో ఎండుగడ్డి కూడా బంగారమేనయ్యా! కొంగ కావాలంటే మీ అటక మీది సజ్జల బస్తాలో పావువంతు. హంసకైతే బస్తా మొత్తం."

నూకరాజు రెక్కలు వాలిపోయాయి. ఆ బస్తా పిల్లల వానాకాలం తిండి. ఇస్తే పిల్లలు పస్తు. ఇవ్వకపోతే పనీ లేదు, పెళ్లిళ్లూ లేవు. రేపు చెప్తానని ఇల్లు చేరాడు. పెళ్లాం పైడితల్లి సంగతి విని మండిపడింది.

"బస్తా మీద ముక్కు పెట్టావో, నీ గూట్లో నువ్వే గుడ్లు పెట్టుకో! ఆయన పొగ అంటే నువ్వు దగ్గడమేనా?"

"నిజంగా కాలిపోతేనో?"

"ఆగండర్రా," అన్నాను. "గవరయ్యని తెస్తాను." ఆయన పాక వంద ఆమడల దూరం. రెక్క ఒక్కసారి ఆడించానో లేదో అక్కడున్నాను.

"గట్టు పక్కనేగా తాతా," అంది వెనక నించి పైడితల్లి. దానికి దూరాలు తెలీవు.

నా వెనకే ఈతచెట్ల కిందికొచ్చిన గవరయ్య నెమరు ఆపకుండా అంతా విన్నాడు. "తెరల సంగతి నాకు తెలీదు నూకరాజూ. సంత సంగతి తెలుసు. నన్ను చాలాసార్లు అమ్మారు, చాలాసార్లు కొన్నారు. పొద్దున్నే పోదాం. నీ పెట్టె కూడా తీసుకురా."

పొద్దున్నే ఆ పెట్టెని నేనే ముక్కున కరుచుకుని గుట్ట దాకా మోశాను. దాని కింద గవరయ్య వీపు ఊరికే ఆసరాగా ఉంది, అంతే. వెనకాల పెళ్లికొడుకుల దండు.

"ఏం పెద్దయ్యా, ఇలా వచ్చారు?" నక్క పళ్లికిలించింది. "ఇది గానుగ కాదండోయ్."

"చూస్తూనే ఉన్నానయ్యా. ఈ కొంగని ఆ పెట్టెకి తగిలించు."

"అయ్యో, పరాయి కంపెనీ! కాలిపోతుంది!"

"నేనూ నా జతగాడూ ఒక తల్లి పిల్లలమా? నాది ఈ గట్టు, వాడిది ఏటవతలి ఊరు. ఇద్దరి మెడకీ కాడి సరిపోయింది, ఒళ్లు వంగేదాకా దున్నాం. పెట్టె వెనక కన్నం చూడు, తెర వెనక కన్నం చూడు. ఒకే ఆకారం. ఒకే తీగ రెండింట్లోనూ పడుతుంది. కాడి సరిపోయినట్టే. తగిలించు."

పెళ్లికొడుకులు నాలుగడుగులు వెనక్కి ఎగిరారు. నూకరాజు కళ్లు మూసుకుని తీగ దోపాడు. పొగ లేదు, మంట లేదు. కొంగ తెర మీద గూడు బొమ్మ పడింది. పైడితల్లి ఊరుకుందా? తెర పైఅంచు పట్టుకుని పెళ్లికూతురిలా తలకిందులుగా వేలాడింది. ఆ పక్కనించి చూసింది, ఈ పక్కనించి చూసింది, వెలగని చుక్క ఎక్కడైనా ఉందేమోనని మూలమూలా ముక్కుతో వెతికింది.

"గీత ఎక్కడా చెదరలేదు. కానీ మామా, వెలిసిపోయినట్టుందేం?"

"అదే నేను చెప్పేది!" నక్క ఎగిరి గంతేసింది. "హంసని చూడు, కొంగని చూడు! పండితుడికీ పశువుకీ ఉన్నంత తేడా!" అని గవరయ్య వైపు చూసి నాలిక్కరుచుకుంది.

గవరయ్యకి కోపం రాలేదు. "జంబులయ్యా, సంతలో దళారులు ఒక పని చేస్తారు. తాము అమ్మదలిచిన ఎద్దుని మెరక మీద నిలబెడతారు, పక్కదాన్ని పల్లంలో. మెరక మీది గొడ్డు ఏనుగంత కనపడుతుంది. మా రైతు రమణ చాలా మంచోడు. కొనేముందు నన్ను దింపించి, చదును నేల మీద నడిపించి, అప్పుడు పళ్లు చూశాడు. రెంటినీ నీడలో ఒకే చదునున పెట్టు. వెలుతురు మీటలు రెండింటికీ సమానంగా తిప్పు."

"హంస సుకుమారం పెద్దయ్యా, కదపకూడదు!"

"కదిపితే చచ్చేదాన్ని నూకరాజు ఇంటిదాకా ఎలా మోస్తాడు?"

గుట్టంతా గొల్లుమంది. నక్కకి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఎక్కడ పెట్టినా హంస హంసే! నా సరుకు చీకట్లో కూడా గుర్తుపడతాను!"

"అయితే పందెం," అన్నాడు గవరయ్య. "రెంటి మీదా పేర్లు ఆకులతో కప్పుతాం. చూసి హంస ఏదో చెప్పు. సరిగ్గా చెప్తే బస్తా నీది, హంస మాది. తప్పితే కొంగని నువ్వన్న పావు బస్తాకే ఇస్తావు. ఏడాదిలో పాడైతే మారుస్తావు."

"సరే!"

అప్పుడు నేను రెక్క చాచి నక్క కళ్లకి అడ్డం పెట్టాను. మూడు అడవుల్లో చీకటి పడిపోయింది. గుడ్లగూబలు లేచి పళ్లు తోముకున్నాయి. ఆ చీకట్లో గవరయ్య కొంగని దిమ్మ మీదికెక్కించాడు. హంసని కిందికి దింపి పక్కనే నేల మీద పెట్టాడు. రెండూ నల్లచట్రాలే, రెండూ ఒకే కొలత. నూకరాజు పెట్టె వెనక రెండు కన్నాలుంటే రెంటికీ తీగలు దోపి, వెలుతురు మీటలు సమానంగా తిప్పి, ఒకే గూడు బొమ్మ వేశాడు. పేర్ల మీద బురద రాసి ఆకులంటించారు.

రెక్క తీశాను. జంబులయ్య చూసింది. మళ్లీ చూసింది. నిజం చెప్పాలంటే నాకే తేడా తెలీలేదు, మబ్బుల పైనించి చీమ కంట్లో నలుసు చూసే నాకు! నక్క గొంతు సవరించుకుంది. ఇన్నాళ్లూ దిమ్మ మీద ఏది పెడితే దాన్నే పొగిడిన అలవాటు. తోక ఊపుకుంటూ దిమ్మ దగ్గరికే నడిచింది.

"ఇది కాక ఇంకేది! ఆ తేజస్సు చూడండి, ఆ రాజసం చూడండి! ఆ కిందిదా? చవక బేరం!"

పైడితల్లి ఎగిరెళ్లి ఆకు పీకింది. కొంగ.

పెళ్లికొడుకులు నవ్విన నవ్వుకి గుట్టమీది రాళ్లు దొర్లాయి. "మామా, కొంగ రాజసం ఇంకోసారి చెప్పవా?" అని ఒకడు. "కళ్లలో ఎండ పడిందర్రా," అని నక్క. "నీడలోనా?" అని ఇంకొకడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని నేనూ ఒక సామెత విసిరాను. పెళ్లికొడుకులు అటక మీంచి తెచ్చిచ్చిన పావు బస్తా సజ్జలు కొలుచుకుని జంబులయ్య లోపలికెళ్లింది.

నూకరాజు గవరయ్య గిట్టల మీద వాలాడు. ఏడుస్తున్నాడు. "నా పిల్లల నోటికాడ కూడు నిలబెట్టావు మావయ్యా. ఏమిచ్చి తీర్చుకోను?"

"నాకెందుకురా? నన్ను దింపి చూసిన రమణకి చెప్పుకో దణ్ణం. ఆ రోజు ఆయన చేసింది చూసే నేర్చుకున్నాను."

అయినా నూకరాజు ఊరుకోలేదు. మెత్తటి గడ్డితో ఒక పట్టీ అల్లి, కాడి ఒరుసుకుపోయి కాయ కాసిన ఆయన మెడకి వేశాడు. గవరయ్య నెమరు చాలాసేపు ఆగిపోయింది.

వాన పడేలోపు పెళ్లిళ్లన్నీ అయిపోయాయి. ఈతమట్టలన్నీ గూళ్లతో బరువెక్కి వాగు మీద ఊగాయి. పిల్లలు పుట్టాక ఆ కిచకిచలకి నాకు మధ్యాహ్నం నిద్ర లేదు. ఆ సందడే లేకపోతే, ఎంతటివాణ్ణయినా, తాటిచెట్టు మీద ఒంటి కాకిని. అందుకే ఆ దణ్ణం.

ఇక జంబులయ్య కొట్టుకి నిన్నగాక మొన్న కళ్లు తెరిచిన కుందేలు పిల్ల వెళ్లినా, సరుకు ధర అడగదు. "తాతా, ముందు దాన్ని దిమ్మ మీంచి దించు," అంటుంది. నక్క పళ్లు నూరుకుంటూ దించుతుంది.

నీతి: మెరక మీద నిలబెట్టిన సరుకుని చదునుకి దించి చూసుకో, బేరం ఆ తర్వాత.