ఎవరిదో తెలియని గేదె

గుమ్మిడిపాలెంలో అందరి బుర్రలూ ఒక ఎత్తు, కోటప్ప ఇంట్లో బుర్రలు ఒక ఎత్తు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు లెండి, కోటప్పే అన్నాడు. పెళ్ళాం అచ్చాయమ్మ, తమ్ముడు సింగన్న అవునన్నారు. ముగ్గురికి ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంకేముంది, అది నిజమే.

ఓ రోజు వాళ్ళ గేదె పలుపుతాడు తెంపుకుని పోయింది. పాలు లేక దూడ ఒకటే అరుపు. వెతుక్కుంటూ పోతే పోలీసు స్టేషన్ గోడమీద నోటీసు కనిపించింది. సింగన్న చదివాడు.

"ఎవరిదో తెలియని గేదె దొరికింది. ఎడమ కొమ్ము విరిగింది. స్టేషన్లో ఉంది. సొంతదారు పదిహేను రోజుల్లో రాకపోతే వేలం వేస్తాం."

"మన గేదెకీ ఎడమ కొమ్మే విరిగింది కదా మరిదీ," అంది అచ్చాయమ్మ.

"మొదటి మాట వినలేదా వదినా? ఎవరిదో తెలియని గేదె. మన గేదె మనదని మనకి తెలుసుగా."

"పాపం, ఎవరిదో," అన్నాడు కోటప్ప.

అంతే. స్టేషన్ ఆవరణలో గుంజకి కట్టి ఉన్న ఆ గేదెని కాస్త పక్కకి జరగమని, దాని వెనకాల తమ గేదె కోసం వెతికారు.

అలా పద్నాలుగు రోజులు వెతికారు. దూడకి ఎముకలు తేలాయి. పదిహేనో రోజు అది కట్టు తెంపుకుని స్టేషన్లోకి దూరి, గేదె పొదుగు పట్టుకుంది.

కానిస్టేబుల్ దానియేలు నడుం మీద చేతులు పెట్టుకుని, "దూడకి తెలిసింది. మీకు తెలియలేదా?" అన్నాడు.

"దూడ మాదండి. గేదె దూడదండి," అన్నాడు కోటప్ప.

"ఏదో ఒకటి. సొంతదారు రిజిస్టర్లో ముద్ర వేసి తోలుకుపోవాలి."

ఇంకేముంది, సింగన్న దూడ గిట్టని సిరాలో ముంచాడు. ఒక ముద్ర రిజిస్టర్లో పడింది, రెండు దానియేలు చొక్కామీద పడ్డాయి.

"తీసుకుపొండి బాబూ," అన్నాడాయన.

గేటు దాటుతుంటే అచ్చాయమ్మ ఆగిపోయింది.

"ఏమయ్యో, గేదె స్టేషన్లో ఉందని నోటీసులో ఉంది. మనం తోలుకుపోతే సర్కారు మాట అబద్ధం అయిపోదూ?"

"జైల్లో వేస్తారే," అన్నాడు కోటప్ప. అంతే, గేదెని తెచ్చి మళ్ళీ అదే గుంజకి కట్టేశారు.

దానియేలు నుదురు కొట్టుకుని నోటీసు చింపేశాడు. "అయిపోయింది. ఇక ఇక్కడ ఏ గేదే లేదు. వెళ్ళండి."

ముగ్గురూ గోడ చూశారు. నోటీసు లేదు. గుంజ చూశారు. గేదె ఉంది.

"పోలీసాయనే లేదన్నాక మన కళ్ళదేముంది," అన్నాడు కోటప్ప.

ఉత్త చేతులతో ఇంటికి పోయారు. దూడ మాత్రం తల్లి దగ్గరే ఉండిపోయింది. దానికి అంత తెలివి ఎక్కడిది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ స్టేషన్‌కి వచ్చారు. బల్ల ఖాళీగా లేకపోతే, కాగితాన్ని గేదె వీపుమీద ఆనించి సింగన్న ఫిర్యాదు రాశాడు.

"అయ్యా, మా గేదె కనిపించడం లేదు."