బూరచెట్టు ఆకుకి అడుగున తెలుపు

ఒకప్పుడు బూరచెట్టు ఆకులు రెండువైపులా పచ్చగా ఉండేవి. దానికి గొంతు కూడా ఉండేది. మామూలు గొంతు కాదు. ఆ చెట్టు మాను లోపల వెదురులా బోలుగా ఉంటుంది. అందుకని ఒక మాట అంటే అది బూర ఊదినట్టు అడవంతా వినపడేది.

ఆ చెట్టు ఎక్కడుందో ముందు చెప్పాలి. కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి. దీవి మధ్యలో ఒకే ఒక్క కొండ. కొండ నిండా అడవి. అక్కడ వాన పడని రోజు అరుదు. అందుకని రాళ్ళ మీద నాచు, నాచు మీద మొక్కలు, మొక్కల మీద మళ్ళీ నాచు. మన పెరట్లో మోకాలెత్తు పెరిగే ఫెర్న్ మొక్కలు అక్కడ కొబ్బరిచెట్లలా లేస్తాయి. బొటనవేలంత పిట్టలు పువ్వు ముందు గాలిలో నిలబడి తేనె తాగుతాయి. గోరంత కప్పలు ఆకుల్లో కూర్చుని ఈల వేస్తాయి.

తీరంలో చేపలు పట్టుకునేవాళ్ళు ఉండేవారు. ఆ అడవి విషయంలో వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. అడవి మొదట్లో ఒక వాగు ఉంది. దాన్ని దాటేవాళ్ళు కత్తి, గొడ్డలి ఇవతలి గట్టునే పెట్టి వెళ్ళాలి. తిరగొచ్చు, చూడొచ్చు, స్నానం చెయ్యొచ్చు. కొమ్మ విరవకూడదు. చిలక తొర్రలో చెయ్యి పెట్టకూడదు. ఎవరైనా పెడితే వెనక వచ్చేవాళ్ళు చూసి చీవాట్లు వేసేవారు.

అడవి నడుమ ఒక జలపాతం. దాని కింద నీలంగా ఒక మడుగు. అందరూ వచ్చేది దానికోసమే. అయితే ఆ మడుగుతో ఒక చిక్కు ఉంది. కింద ఎండ కాస్తూనే ఉంటుంది, పైన కొండకొన మీద వాన కురుస్తూ ఉంటుంది. ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా కిందికి దూకుతాయి. మడుగులో ఉన్నవాళ్ళకి వాన కనపడదు. వరదే కనపడుతుంది.

అందుకే జలపాతం అంచున ఉన్న బూరచెట్టును అడగనిదే ఎవరూ కిందికి దిగేవారు కారు. అడవిలోని చెట్లన్నిటికంటే అది ఎత్తు. కొండకొన దానికొక్కదానికే కనపడుతుంది.

"పైన ఎలా ఉంది?" అని అడగాలి. "పొడిగా ఉంది" అంటే దిగాలి. "తడిగా ఉంది" అంటే ఇంటికి పోవాలి.

పని అంతే. కానీ బూరచెట్టు అంతటితో ఆపేది కాదు. వచ్చినవాళ్ళని నిలబెట్టి అడవి గురించి చెప్పేది. ఈ తీగ వయసెంత, ఆ పీత ఏటి ఒడ్డున ఎందుకు బొరియ తవ్వుతుంది, నాచులో ఎన్ని రకాలు, ఏ రకం మెత్తన. పిల్లలు కాళ్ళు మార్చి మార్చి నిలబడేవారు.

దాని తొర్రలో ఒక చిలక కాపురం ఉండేది. "నువ్వు ఊపిరి ఎప్పుడు పీలుస్తావు?" అని ఒకరోజు అడిగింది.

"నేను చెప్పకపోతే వీళ్ళకెవరు చెబుతారు?" అంది చెట్టు. "నాచుని చూసి మురికి అనుకుని పోతారు."

"వాళ్ళు స్నానానికి వచ్చారమ్మా, పాఠానికి కాదు."

"నువ్వు రోజూ అనే మాటలు నాలుగు. అందులో మూడు తిట్లు. నువ్వా నాకు చెప్పేది?"

చిలక అయిదో మాట వెతుక్కుంటూ తొర్రలోకి పోయింది.

తీరంలో సెలెస్తీన్ అనే అవ్వ ఉండేది. వలలు అల్లడంలో గట్టి మనిషి. ఒకరోజు ఆమె ఇంటికి వియ్యపురాలు జెర్విలీన్ వచ్చింది. ఆమెది పక్క దీవి. ఆ దీవి అప్పడంలా బల్లపరుపు. కొండ లేదు, వాగు లేదు. కప్పు మీద పడిన వాననీళ్ళు కుండల్లో పట్టుకుని ఏడాదంతా తాగుతారు. పైనుంచి పడే నీళ్ళ కింద నిలబడాలని జెర్విలీన్‌కి చిన్నప్పటినుంచి కోరిక. ఇద్దరూ కలిసి ఏడేళ్ళ మనవరాలు ఒడీల్‌ని వెంటబెట్టుకుని అడవికి బయల్దేరారు. మూటలో కర్రపెండలం రొట్టెలు, పొగబెట్టిన చేప, జామపండ్లు.

"మీ ఊళ్ళో నీళ్ళు ఊరికే పారిపోతుంటాయా వదినగారూ?" అంది జెర్విలీన్ వాగు దాటుతూ. "పట్టుకునేవాళ్ళే లేరా?"

"పట్టండి, ఎన్ని కుండలు తెచ్చారు?" అంది సెలెస్తీన్.

చెట్టు దగ్గరికి వచ్చి ఆగారు. కొత్త మనిషిని చూడగానే చెట్టుకి ప్రాణం లేచొచ్చింది. పక్క దీవి మనిషని తెలిశాక ఇక పట్టపగ్గాలు లేవు. జెర్విలీన్ కూడా తక్కువ తినలేదు. ప్రతిదానికీ "అలాగా, తరవాత?" అంటూ నిలబడింది. ఇంత బాగా వినే మనిషి చెట్టుకి అంతకుముందు దొరకలేదు.

"పైన ఎలా ఉంది?" అని మధ్యలో అడిగింది సెలెస్తీన్.

"పొడిగా ఉంది, పొడిగా ఉంది, దిగండి," అంది చెట్టు. "ఒక్క నిమిషం, ఆ రాతి మీద ఎర్ర నాచు ఉంది చూశారా, దాని సంగతేమిటంటే..."

చెట్టు తల తిప్పి చూడలేదు. పుట్టాక మొదటిసారి చూడకుండా జవాబు చెప్పింది. అప్పటికే తూర్పు సముద్రం మీదనుంచి ఒక పెద్ద మబ్బు వచ్చి కొండకొన మీద చతికిలబడింది. అప్పట్లో మబ్బులకి గొంతు లేదు. ఎప్పుడు వచ్చేదీ ఎవరికీ తెలిసేది కాదు.

ముగ్గురూ మడుగు దగ్గరికి దిగారు. జెర్విలీన్ జలపాతం కింద నిలబడి కళ్ళు మూసుకుంది. సెలెస్తీన్ గట్టున మూట విప్పింది. ఒడీల్ ఈదుకుంటూ పోయి మడుగు నడుమ ఉన్న బల్లరాయి ఎక్కి కూర్చుంది.

వినేవాళ్ళు వెళ్ళిపోయాక చెట్టు తీరిగ్గా పైకి చూసింది. కొండకొన నల్లగా ఉంది. చారలు చారలుగా వాన పడుతోంది.

"పైకి రండి," అని అరిచింది. "తడిగా ఉంది, తడిగా ఉంది."

ఆ గొంతు అడవి ఆ చివరిదాకా వినపడింది. గోరంత కప్పలు కూడా ఈలలు ఆపేశాయి. జలపాతం కింద మాత్రం వినపడలేదు. నీళ్ళ హోరులో మనిషి మాట మనిషికే వినపడదు, ఎక్కడో పైనున్న చెట్టు మాట ఏం వినపడుతుంది? అంతవరకు చెట్టుకి ఆ సంగతి తెలియదు. తన గొంతు వినపడని చోటు ఉంటుందని అది ఏనాడూ అనుకోలేదు.

"నువ్వు వెళ్ళు," అంది చిలకతో.

చిలక వెళ్ళింది. వాళ్ళ తలల చుట్టూ తిరుగుతూ మనుషుల భాషలో తనకి వచ్చిన నాలుగు మాటలూ అరిచింది.

జెర్విలీన్ గట్టుకి వచ్చి సెలెస్తీన్ చెవి దగ్గర నోరు పెట్టి, "మీ చిలకలకి మర్యాద తెలుసు వదినగారూ," అంది. "ఎంతసేపు పలకరిస్తున్నాయో."

చెట్టు ఆకులు రాల్చింది. బూరచెట్టు ఆకు ఆముదపు ఆకులా వేళ్ళు విడిచి ఉంటుంది, కాకపోతే చేటంత. పది ఆకులు మడుగులో పడ్డాయి. అడవిలో పచ్చటి ఆకు రాలితే ఎవరు పట్టించుకుంటారు? ఒడీల్ ఒకటి తీసి గొడుగులా నెత్తిన పెట్టుకుంది.

ఇక చెట్టు దగ్గర మిగిలింది కొమ్మలే. మడుగు మీదికి వంగి ఉన్న తన పెద్ద కొమ్మను అది తానే విరుచుకుంది. కొమ్మ వెళ్ళి బల్లరాయి పక్కన దబ్బున పడింది.

సెలెస్తీన్ తలెత్తింది. గాలి లేదు. గాలి లేకుండా కొమ్మ ఎందుకు విరిగింది? వెంటనే నీళ్ళ వంక చూసింది. నీలం పోయి టీ రంగు వచ్చింది. ఎండుటాకులు తేలుతున్నాయి.

ఆమె అరవలేదు. జెర్విలీన్ జబ్బ పట్టుకుని రాళ్ళ పైకి ఈడ్చింది. వెనక్కి తిరిగేసరికి జలపాతం రెండింతలు లావైంది. ఎర్రటి నీళ్ళు బల్లరాయి మీదుగా పొర్లాయి. ఒడీల్ కాళ్ళు లేచిపోయాయి. చేతికి కొమ్మ తగిలింది. పట్టుకుంది. కొమ్మ రెండు రాళ్ళ నడుమ ఇరుక్కుని ఉంది. సెలెస్తీన్ నడుము లోతు నీళ్ళలోకి దిగి కొమ్మ ఇవతలి కొసను పట్టి లాగింది. జెర్విలీన్ ఆమె నడుము పట్టి లాగింది. పిల్ల గట్టున పడింది.

మూట కొట్టుకుపోయింది. ఒడీల్ మోకాళ్ళు రెండూ గీరుకుపోయాయి. అంతే, ముగ్గురూ బతికారు.

పైకి ఎక్కి వచ్చాక సెలెస్తీన్ చెట్టు ముందు నిలబడింది.

"అరిచాను," అంది చెట్టు. "గొంతు చించుకుని అరిచాను."

"అది కాదు. నేను అడిగినప్పుడు చూశావా?"

"లేదు," అంది చెట్టు.

"ఇక నిన్ను అడగం. అడగకుండా దిగలేం. కాబట్టి ఇక రాం."

సెలెస్తీన్ అన్న మాట తీరమంతా పాకింది. అడవికి వెళ్ళడం మానేశారు. దారిలో గడ్డి మొలిచింది. నెల తిరక్కుండానే కొండ అవతలి వైపునుంచి ఇద్దరు గొడ్డళ్ళతో వాగు దాటారు. వద్దని చెప్పే మనిషి ఎదురుపడలేదు. మర్నాడు అయిదుగురు వచ్చారు.

"ఎవరూ చూడటానికి రాని అడవిని ఎవరు కాస్తారు?" అంది చిలక. ఆ రోజు దాని మాటల్లో తిట్టు లేదు.

చెట్టుకి గొడ్డలి చప్పుడు వినపడుతూనే ఉంది. అది తన తప్పుని అటూ ఇటూ తిప్పి చూసింది. చూడకుండా చెప్పడం ఒక తప్పు. ఇకమీదట చూడొచ్చు. చూసి చెప్పినా మడుగులో ఉన్నవాళ్ళకి వినపడదు. చెవికి చేరనిది కంటికి చేరాలి. అడవి అంతా పచ్చన. పచ్చలో కంటికి ఆనేది తెలుపు. తెలుపు ఉన్నది మబ్బు దగ్గర.

మబ్బు కొండకొన మీద కూర్చుని ఉంది.

"మబ్బూ, నీ తెలుపు కొంచెం కావాలి," అంది చెట్టు.

"నీ గొంతు ఇవ్వు," అంది మబ్బు, చెట్టు ఒక్కదానికే అందేంత సన్నటి గుసగుసతో. "నేను వస్తే ఎవరికీ తెలియదు. వరద వచ్చాక అందరూ నన్నే దొంగ అంటారు. చెప్పి వద్దామంటే నాకు గొంతేది?"

"సగం ఇస్తాను."

"జామపండా, కోసుకుని తినడానికి?"

చెట్టు తన కొమ్మ విరిగిన చోటు చూసుకుంది. అప్పటికింకా మానలేదు. "సరే, మొత్తం తీసుకో," అంది.

"ఆకు మొత్తం తెల్లగా చెయ్యనా? అందంగా ఉంటావు."

"వద్దు. ఎప్పుడూ మాట్లాడేదాని మాట ఎవరూ వినరు. ఎప్పుడూ తెల్లగా ఉన్నదాన్ని ఎవరూ చూడరు. అడుగున పూస్తే చాలు."

"చివరిగా ఏమైనా అంటావా?"

చెట్టుకి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఎర్ర నాచు సంగతి ఆ రోజు సగంలోనే ఆగిపోయింది. "పుయ్యి," అంది.

మబ్బు కిందికి దిగి ప్రతి ఆకు అడుగునా పిండిలా తెలుపు పూసింది. వెళ్తూ వెళ్తూ చెట్టు గొంతు తీసుకుపోయింది. కొండకొన చేరి ఒకసారి సవరించుకుంది. దీవి అంతా ఉలిక్కిపడింది. అదే మొదటి ఉరుము.

తీరంలో ఆ చప్పుడు విని సెలెస్తీన్ కూడా బయటికి వచ్చింది. ఏమిటో చూద్దామని ఒక్కతే అడవికి బయల్దేరింది. వాగు అవతల గొడ్డళ్ళవాళ్ళు కనపడ్డారు. వాళ్ళ అమ్మల పేర్లు, అమ్మమ్మల పేర్లు ఆమెకి తెలుసు. అన్నీ చెప్పి అడిగేసరికి అయిదుగురూ గొడ్డళ్ళు భుజాన వేసుకుని పోయారు.

జలపాతం దగ్గరికి వచ్చింది. చెట్టుని ఏమీ అడగలేదు. చెట్టు ఏమీ అనలేదు. అది ఆమెకి వింతగా తోచింది. మడుగు గట్టున ఒక ఎత్తైన రాయి చూసుకుని కూర్చుంది.

కొంతసేపటికి పైన కొమ్మల్లో చేటంత ఆకులన్నీ ఒక్కసారిగా వెల్లకిలా తిరిగాయి. పచ్చటి అడవి మీద ఎవరో సున్నం చల్లినట్టు చెట్టు తెల్లబడింది. సెలెస్తీన్ ఇంకో పది అడుగులు పైకి ఎక్కి నిలబడింది. ఒక రొట్టె తినేంతసేపట్లో ఎర్ర నీళ్ళు దూకాయి. ఆ హోరులో ఉరుము కూడా వినపడలేదు. తెలుపు మాత్రం కనపడింది.

ఆమె ఒక్కసారి చూసి నమ్మే మనిషి కాదు. మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. మూడుసార్లూ ఆకు ముందు, వరద తరవాత. నాలుగోసారి వియ్యపురాలికి కబురు పంపి ఒడీల్‌ని కూడా తీసుకొచ్చింది.

"నేను నీళ్ళలోకి దిగను," అంది జెర్విలీన్.

"దిగకపోతే మీ ఊళ్ళో ఏం చెప్పుకుంటారు వదినగారూ? నా మాట మీద దిగండి."

దిగారు. చాలాసేపు ఆడారు. ఈసారి ఒడీల్ ముందు చూసింది. అవ్వ చెయ్యి గుంజి పైకి చూపించింది. ముగ్గురూ బట్టలు పిండుకుని, మూట తీసుకుని, నడుచుకుంటూ పైకి ఎక్కారు. వరద వచ్చేసరికి జెర్విలీన్ రెండో రొట్టె తింటోంది.

మళ్ళీ దారి పడింది. వారం తిరక్కుండా తీరంలోని పిల్లలంతా అడవిలోనే ఉన్నారు.

అప్పటినుంచే బూరచెట్టు ఆకు పైన పచ్చగా, అడుగున వెండిలా తెల్లగా ఉంటుంది. అప్పటినుంచే మబ్బు ఉరుముతుంది, చెట్టు మాట్లాడదు. వాన రాబోతుంటే గాలికి దాని ఆకులు వెల్లకిలా తిరిగి తెల్లటి అడుగు చూపిస్తాయి. అందుకే ఆ అడవికి వెళ్ళినవాళ్ళు ఈనాటికీ నీళ్ళలోకి దిగే ముందు ఒకసారి, దిగాక పదిసార్లు తలెత్తి చూస్తారు.