కుడిచెయ్యి లేస్తేనే గట్టిమేళం

బుర్రాడవలసలో పైడినాయుడి ఇంటివాళ్ళు తమ తెలివి చూసి తామే మురిసిపోయేవాళ్ళు. ఊళ్ళో అందరూ గొడుగులు కొని, వానలో తడిపి పాడుచేసుకుంటుంటే, వీళ్ళు మాత్రం పదకొండేళ్ళుగా తమ గొడుగును వానలోకి తీయకుండా కొత్తదానిలా కాపాడుకున్నారు. వానొస్తే గొడుగును ఇంట్లో పెట్టి తామే తడిసేవాళ్ళు. తెలివుంటే వస్తువు తరతరాలు మన్నుతుందని పైడినాయుడు అరుగు మీద కూచుని దారిన పోయేవాళ్ళకు చెప్పేవాడు. ఏడాది పొడుగునా జలుబుతోనే చెప్పేవాడు.

ఆ ఇంట్లో నలుగురు. అన్నదమ్ముల్లో పెద్దవాడు పైడినాయుడు క్లారినెట్ వాయిస్తాడు. నడిపివాడు సూరప్పడిది డ్రమ్ము. చిన్నవాడు లచ్చుమయ్యది కీబోర్డు, బ్యాండు ఆటో తోలేదీ వాడే. పైడినాయుడి భార్య ఎర్రయ్యమ్మ ఏమీ వాయించదు గానీ, నలుగురిలోకీ తెలివైనదని పేరు. ఆ పేరు పెట్టుకున్నదీ ఆవిడే. ఒక్కమాట మాత్రం ఒప్పుకోవాలి. వాయించడం మొదలుపెట్టారంటే ఆ చుట్టుపక్కల వాళ్ళను మించినవాళ్ళు లేరు. దేవుడు ఉన్నదంతా వాళ్ళ చేతుల్లో పోసి, తలకాయ దగ్గరికొచ్చేసరికి ఖాళీ సంచి దులిపాడు, అంతే.

వాళ్ళ గురువు దాలినాయుడు మాష్టారు. బూరిపేటలో ఉంటారు. నలభై ఏళ్ళు క్లారినెట్ వాయించి, పళ్ళు రాలిపోయాక మానేశారు. పై పళ్ళు లేకపోతే ఆ వాయిద్యం నోట్లో నిలవదు మరి. ఇప్పుడు ఆయన మనవరాలు హైమ పెళ్ళి కుదిరింది. పెళ్ళంటే ఇంటిల్లిపాదికీ సంబరం, మాష్టారికి మాత్రం గుండెదడ. ఎందుకో చెప్తాను.

తాళి కట్టేవేళ గట్టిమేళం మోగాలి కదా. ఆ క్షణాన ఎవరు తుమ్మినా, ఎవరేం కూసినా పీటల మీదివాళ్ళ చెవిన పడకూడదని. ముప్ఫై ఏళ్ళ కిందట మాష్టారి కూతురి పెళ్ళిలో అది మోగలేదు. ఆయన కన్యాదానం చేస్తూ పీటల మీద ఉన్నారు, సైగ చేసే మనిషి లేడు, ఆయన బ్యాండువాళ్ళు బంతిలో కూచుని గారెలు తింటున్నారు. పందిరంతా నిశ్శబ్దం. సరిగ్గా తాళి పడే క్షణాన ఎవరో హాచ్ అని తుమ్మారు. ఆ పిల్ల కాపురం బంగారంలా సాగింది, అది వేరే సంగతి. కానీ మాష్టారి భార్య మాణిక్యమ్మ మరిచిపోలేదు. కూరలో ఉప్పు తగ్గిందని ఆయన నోరు విప్పితే చాలు, ఊరందరి పెళ్ళిళ్ళకీ మోగించినోళ్ళు నా కూతురికి మోగించినారా అనేది. పాపం, ముప్ఫై ఏళ్ళుగా ఆయన చప్పిడికూరే తింటున్నారు.

అందుకని మాష్టారు పెళ్ళికి వారం ముందే శిష్యుల్ని పిలిపించుకున్నారు. గట్టిమేళం దివ్యంగా మోగిందా, తన పాత క్లారినెట్ పైడినాయుడికి ఇచ్చేస్తానన్నారు. మోగకపోతే అది పెట్టెలోనే ఉంటుంది, తను కూడా ఆ పెట్టెలోనే పడుకుంటానన్నారు. నలభై ఏళ్ళ అనుభవం రంగరించి జాగ్రత్తలు చెప్పారు. ఎర్రయ్యమ్మ ఒక్కో మాటకు కొంగుకు ఒక్కో ముడి వేసుకుంది.

మొదటిది, ఏ వస్తువైనా రెండు పట్టుకెళ్ళండి, ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది. రెండోది, మైకు పెట్టాక చివరి వరసలో కూచుని ఎలా వినిపిస్తోందో చూసుకోండి. మూడోది, నేల మీద జీరాడేది ఏదీ కాళ్ళకు అడ్డం పడకుండా టేపుతో అంటించెయ్యండి. నాలుగోది, వాయించే ముందు క్లారినెట్ మూతికి బిగించే రెల్లుబద్ద, అదే రీడు, నోట్లో పెట్టుకుని నానబెట్టండి, ఎండు రీడు పలకదు. ఐదోది చెప్పేటప్పుడు మాష్టారు గొంతు తగ్గించారు.

"ఇదిగో, ఇది అన్నింటికంటే ముఖ్యం. నా కుడిచెయ్యి లేస్తేనే గట్టిమేళం. ఎవుడు సెప్పినా ఇనొద్దు. చెయ్యి దిగేదాకా ఆపొద్దు. నా చెయ్యి మీంచి కన్ను తియ్యొద్దు."

ఎర్రయ్యమ్మ ఐదో ముడి రెండుసార్లు బిగించింది.

పెళ్ళినాడు తెల్లారగానే సామాను కట్టారు. మైకులు రెండు, వైర్లు రెండు, బ్యాటరీలు రెండు. డ్రమ్ము ఒక్కటే ఉంటే పక్కింటి వాళ్ళ వడ్లడబ్బా తెచ్చి పక్కన పెట్టారు. ఆటోకు ఆటో ఉండాలి కదా. రిపేరుకొచ్చి మూలపడ్డ ఆటోను తాడుతో తమ ఆటో వెనక కట్టారు. అంతా అయ్యాక ఎర్రయ్యమ్మ మొదటి ముడి విప్పబోయి ఆగింది. సూరప్పడు ఒక్కడే ఉన్నాడే, వాడు పోతే ఎలా అంది. సూరప్పడికి ఏడుపొచ్చినంత పనైంది. ఇంకేముంది, ఊరంతా వెదికి, సరిగ్గా వాడి పొడుగు, వాడి లావు ఉన్న తవిటయ్యను పట్టుకొచ్చారు. తవిటయ్య కళ్ళంలో ఎడ్లతో నూర్పిడి చేస్తాడు. డ్రమ్ము ముట్టుకున్న పాపాన పోలేదు. కొలత సరిపోయింది కదా, చాలన్నారు. వాణ్ణి వెనక ఆటోలో కూచోబెట్టి హ్యాండిలు చేతికిచ్చారు.

బూరిపేట చేరేసరికి మాష్టారి ఇంటి ముందు పందిరి సిద్ధంగా ఉంది. పందిరి ముందే రోడ్డు, రోడ్డు వారనే గెడ్డ, ఆ ఊరి వాగు, అందులో నడుంలోతు బురదనీళ్ళు. బ్యాండువాళ్ళు మైకులు పెట్టారు. వెంటనే ఎర్రయ్యమ్మ రెండో ముడి గుర్తుచేసింది. అంతే, అందరూ వెళ్ళి చివరి వరసలో కూచున్నారు. చెవులు రిక్కించి విన్నారు. ఏమీ వినిపించలేదు.

మైకు పోయిందన్నాడు పైడినాయుడు. రెండో మైకు పెట్టి, పరుగెత్తుకొచ్చి మళ్ళీ కూచున్నారు. వినిపించలేదు. వైరు మార్చి కూచున్నారు. బ్యాటరీ మార్చి కూచున్నారు. గురువుగారు రెండేసి తెమ్మనకపోతే ఈపాటికి పరువు పోయేదని ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకున్నారు గానీ, చప్పుడు మాత్రం లేదు. కుర్చీలు వేసే ముసలాయన ఇదంతా చూసి, అక్కడ వాయించేవాడు ఒకడుండాలి కదయ్యా అన్నాడు. నలుగురూ ఆయన వంక జాలిగా చూశారు. వాయించేవాళ్ళు ఇక్కడ కూచుంటే అక్కడెవరుంటారని లచ్చుమయ్య అడిగాడు. ముసలాయన కుర్చీలు అక్కడే వదిలేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

చివరికి ఎర్రయ్యమ్మకే తట్టింది. ఖాళీగా ఉన్న తవిటయ్యను మైకు ముందు నిలబెట్టి, నీకొచ్చింది అనమంది. వాడికొచ్చింది ఒక్కటే.

"ఓహోయ్, తిరగండి బావూ, తిరగండి తిరగండి" అన్నాడు, కళ్ళంలో అన్నట్టే.

సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు వస్తున్నాడు. వాళ్ళది పెద్ద వ్యవసాయం. ఇంటి ఎడ్లకు పూలదండలు వేసి, ముచ్చటగా బండి మీద ఊరేగుతూ వస్తున్నాడు. ఎడ్లు ఆ కేక విన్నాయి. ఇంకేముంది, పందిరే కళ్ళం అనుకుని చుట్టూ తిరగడం మొదలెట్టాయి. బండివాడు పగ్గాలు లాగుతుంటే తవిటయ్యకు తన పని మహా బాగా కుదిరిందనిపించి ఇంకా గట్టిగా అన్నాడు. ఏడు చుట్లు తిరిగాయి. పెళ్ళికొడుకు ముందే ప్రదక్షిణలు చేస్తున్నాడని హైమ కిటికీలోంచి చూసి నవ్వింది. పెళ్ళికొడుకు కళ్ళు తిరుగుతూ దిగి, ఒక్క స్తంభం రెండుగా కనిపిస్తుంటే లేనిదాన్ని పట్టుకోబోయాడు. చివరి వరసలో మాత్రం నలుగురూ తృప్తిగా తలలూపారు. చక్కగా వినిపిస్తోందన్నారు.

తరవాత మూడో ముడి. ముందు వైర్లన్నీ నేలకు అంటించారు. అంతవరకూ బాగానే ఉంది. పందిరి గుమ్మంలో చుట్టాల చెప్పులు కాళ్ళకు అడ్డంగా కనిపించాయి. ముప్ఫై రెండు జతలు వరసగా అంటించారు. ఇంతలో మాష్టారు వచ్చి, బ్యాండు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూచున్నారు. కండువా ఒక కొస కుడిచేతికి చుట్టుకోవడం ఆయన అలవాటు. రెండో కొస నేల మీద జీరాడుతోంది. పాపం పెద్దాయన, లేచేటప్పుడు తొక్కుకుని పడిపోతారని సూరప్పడి మనసు కరిగిపోయింది. ఆయనకు తెలియకుండా వంగి, కండువా కొసను మూడు వరసల టేపుతో నేలకు అంటించేశాడు. గురుభక్తి అంటే అదీ.

నాలుగో ముడి ప్రకారం పైడినాయుడు రీడు నోట్లో పెట్టుకున్నాడు. అన్న నానబెడుతుంటే మనం ఊరకుండడం ఏం బావుంటుందని సూరప్పడు డ్రమ్ము పుల్లలు రెండూ నోట్లో పెట్టుకున్నాడు. లచ్చుమయ్యకు కీబోర్డు నోట పట్టలేదు. వైరు కొస చప్పరించబోతే ఎర్రయ్యమ్మ లాగేసింది. ఆ ఒక్క పనికీ ఆవిణ్ణి మెచ్చుకోవాల్సిందే.

ముహూర్తం వచ్చింది. పంతులుగారు తాళి పెళ్ళికొడుకు చేతికిచ్చి, గట్టిమేళం గట్టిమేళం అన్నారు. అందరూ బ్యాండు వంక చూశారు. బ్యాండువాళ్ళు మాష్టారి కుడిచేతి వంక చూస్తున్నారు. మాష్టారు చెయ్యెత్తబోయారు. జానెడు లేచి ఆగిపోయింది. గుంజారు. కండువా చేతికి ఉరిలా బిగుసుకుంది గానీ కొస రాలేదు. పంతులుగారు మళ్ళీ అరిచారు. పెళ్ళివారు అరిచారు. వంటవాడు గరిటె పట్టుకొచ్చి అరిచాడు. ఎవరు చెప్పినా వినొద్దన్నారు కాబట్టి ఎవరి మాటా వినలేదు. నోటినిండా పుల్లలున్నాయి కాబట్టి జవాబూ చెప్పలేదు.

మాష్టారికి చెమటలు పట్టాయి. ఎడంచెయ్యి ఎత్తి ఊపారు. లచ్చుమయ్య వేళ్ళు కదలబోయాయి. ఎర్రయ్యమ్మ గదిమింది.

"అది ఎడంచెయ్యిరా. గురువుగారు మనకి పరీచ్చ పెడతన్నారు."

పెళ్ళికొడుకు తాళి పట్టుకుని వంగి ఉన్నాడు. పందిట్లో నిశ్శబ్దం, అచ్చం ముప్ఫై ఏళ్ళ కిందటి నిశ్శబ్దమే. మాణిక్యమ్మ మొగుడి వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఏడుపుంది. అది ఆయన తట్టుకోలేకపోయారు. పళ్ళు లేని దవడలు బిగించి, ఉన్న బలమంతా కూడదీసుకుని లేచి నిలబడ్డారు. కండువా పర్రున నిలువునా చిరిగింది. కుడిచెయ్యి ఆకాశానికి లేచింది.

అంతే. క్లారినెట్ గొంతెత్తింది, డ్రమ్ము ఉరిమింది, కీబోర్డు వాటి వెనకే పరుగెత్తింది. అలాంటి గట్టిమేళం బూరిపేట అంతకుముందు వినలేదు. తాళి పడింది. ఆ క్షణాన అక్షింతల పసుపు ముక్కులోకి పోయి ఒకావిడ పెద్దగా తుమ్మింది. తుమ్మింది సాక్షాత్తూ మాణిక్యమ్మే. పక్కనున్నవాళ్ళకు కూడా వినిపించలేదు. తన తుమ్ము తనకే వినిపించకపోయేసరికి ఆవిడ ఆగలేకపోయింది. గబగబా వచ్చి, పదిమందిలో, మొగుడి ఎత్తిన కుడిచేతిని రెండు చేతులా పట్టుకుంది. మాష్టారి కళ్ళు నిండిపోయాయి. చూస్తున్నవాళ్ళవీ తడిశాయి.

ఆవిడ చెయ్యి వదల్లేదు. చెయ్యి దిగలేదు. గట్టిమేళం ఆగలేదు. తలంబ్రాలు మేళంలోనే పోసుకున్నారు. పంతులుగారు మంత్రాలు చదివారో, విసుక్కున్నారో ఎవరికీ తెలియలేదు. ముప్పావుగంట తరవాత ఎవరో ఆవిడ చెవిలో అరిచి చెప్తే సిగ్గుపడి వదిలింది. చెయ్యి దిగింది. మేళం ఆగింది.

హమ్మయ్య అనుకుని మాష్టారు భోజనానికి కూచున్నారు. తొలిముద్ద నోటి దగ్గరికెత్తారు. గట్టిమేళం మోగింది. ఉలిక్కిపడి దింపారు, ఆగింది. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ మోగింది. బంతిలో వాళ్ళకు పొలమారింది. చివరికి మాణిక్యమ్మే కలిపి పెట్టింది. కూరలో ఉప్పు సరిగ్గా ఉంది. ముప్ఫై ఏళ్ళ తరవాత ఉప్పు తగిలి ఆయన మూడుసార్లు వడ్డించుకున్నారు, అదీ ఎడంచేత్తో సైగ చేసి.

అప్పగింతలప్పుడు హైమ తాతగారి కాళ్ళ మీద పడి బావురుమంది. ఆయన అలవాటు కొద్దీ దీవించడానికి కుడిచెయ్యెత్తారు. ఇంకేముంది. ఏడుస్తున్న పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూనే బండెక్కింది. ఆ చుట్టుపక్కల నవ్వుతూ అత్తారింటికి వెళ్ళిన మొదటి పిల్ల అదే. చుట్టాలు మాత్రం గుమ్మంలో తమ చెప్పుల్ని పెళ్ళగిస్తూ ఉండిపోయారు.

మాష్టారు మాట తప్పలేదు. పెట్టెలోంచి క్లారినెట్ తీసి, తడిమి, పైడినాయుడి చేతిలో పెట్టారు. ఎందుకైనా మంచిదని ఎడంచేత్తోనే ఇచ్చారు. ఇక ఇంటికెళ్ళండి నాయనా అన్నారు.

ఎర్రయ్యమ్మ కొంగు చూసుకుంది. నాలుగు ముడులు విప్పింది, ఐదోదాని దగ్గర ఆగింది. చెయ్యి మీంచి కన్ను తియ్యొద్దన్నారు గానీ, ఎప్పుడు తియ్యాలో చెప్పలేదు కదా అంది. మిగతావాళ్ళు ఆవిడ తెలివికి దణ్ణం పెట్టారు. ఆటో ఎక్కారు. అందరూ వెనక్కి తిరిగి కూచుని, గుమ్మంలో నిలబడ్డ మాష్టారి కుడిచేతినే చూస్తున్నారు. ఆటో తోలే లచ్చుమయ్య కూడా మెడ వెనక్కి తిప్పి చేతినే చూస్తూ బండి పోనిచ్చాడు.

రోడ్డు గెడ్డ పక్కన వంపు తిరిగింది. ఆటో తిరగలేదు. తిన్నగా వెళ్ళి నీళ్ళలో దిగింది. తాడుతో కట్టిన రెండో ఆటో, తవిటయ్యతో సహా, మర్యాదగా దాని వెంటే దిగింది.

నడుంలోతు బురదలోంచి ఒక్కొక్కరే తేలారు. ఒక్కరూ చూపు తిప్పలేదు.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన మాష్టారు, అయ్యో రామా అని కుడిచెయ్యి ఎత్తి నెత్తిన పెట్టుకున్నారు.

గెడ్డలోంచి గట్టిమేళం మోగింది.