తోక నాది కాదన్న నక్క

నూర్పిళ్ళని ఇంటిల్లిపాదీ కళ్ళానికి పోయారు. గొడ్లపాకలో ముసలెద్దు నెమరేస్తోంది. దాని కాళ్ళ పక్కనే, ఊక పోసిన గంపలో చుక్కల పెట్ట పదకొండు గుడ్లు పొదుగుతోంది. అది పందొమ్మిదో రోజు. ఇంకో రెండు రోజులు వేడి తగ్గకుండా కాస్తే పిల్లలు బయటికొస్తాయి.

కంచె సందులోంచి నక్క దూరింది.

"ఏమ్మా పెట్టా, చిక్కి సగమయ్యావే! కళ్ళంలో గింజలు రాలి పడున్నాయి. పొద్దుగూకేదాకా తిని రారాదూ?"

"గుడ్లు చల్లారిపోవూ, నక్క మావా?"

"పిచ్చిదానా! నీ గుండె కోసి చూస్తే నీ ప్రేమ కనిపిస్తుందా?"

"కనిపించదు."

"అయినా ఉందా, లేదా?"

"లేకేం!"

"మరింకేం? ఒళ్ళే సర్వం కాదన్నమాట. ఒళ్ళు ఉత్త గంప. అసలైన నువ్వు ఆ ప్రేమే. అది గుడ్ల మీదే ఉంటుంది, ఒళ్ళు మేతకు పోనీ."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. పెట్టకు ప్రేమ సంగతి నిజమే అనిపించింది. లేవబోతే మాత్రం కాళ్ళు రాలేదు.

పక్క గుంజకు కట్టేసిన మేక గయ్యిమంది. "వినకే! మొన్ననే బాతును మింగిన దొంగ వీడు. వీడు ఉందన్నాడంటే అది లేనట్టే. ఒళ్ళు తప్ప ఇంకేం లేదు!"

"అదేం న్యాయమే మేకా?" అంది ఎద్దు. "దొంగ చూపించినా దారి దారే. ప్రేమ కోస్తే కనబడదన్నది సరైన మాట. చివరి మెలికే చూసుకో, పెట్టా. ప్రేమ ఒళ్ళు కాదు, సరే. ఒళ్ళు లేకుండా గుడ్డుకు వేడెక్కడిది?"

పెట్ట నక్క తోకకేసి చూసింది.

"మావా, నీ మాట బాగుంది గానీ నాకు ధైర్యం చాలట్లేదు. ఒళ్ళు నువ్వు కాదుగా, ఆ తోకను ఎద్దు తాత గిట్ట కింద పెట్టి చూపించు. నువ్వు కిక్కురుమనకపోతే నేను లేస్తాను."

నక్క గంపలోకి చూసింది. గుడ్లు పదకొండు, తోక ఒకటి.

"అదెంత పని!" అంటూ పెట్టేసింది.

ఎద్దు నిదానంగా కాలు మోపింది.

"ఓయమ్మో! నా తోక!"

ఆ కేకకు కళ్ళం కుక్కలు పరుగెత్తుకొచ్చాయి. నక్క పెనుగులాడి, తోక కొస గిట్ట కిందే వదిలి, కంచె దూకి పారిపోయింది.

మేక గంతులేసింది. "చూశారా! ఒళ్ళే సర్వమని వాడి నోటితోనే ఒప్పుకున్నాడు!"

"ఇదిగో తోక ముక్క, వెతుక్కో," అంది ఎద్దు. "వెంట్రుకలున్నాయి, ఎముకుంది. నొప్పెక్కడుందో చూపించు. ఒళ్ళే సర్వం కాదన్న వాడి మాట ఇప్పటికీ సరైందే. వాడే సరైనవాడు కాదు."

పెట్ట రెక్కలు విప్పి, గుడ్లను పొట్ట కిందికి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

నీతి: మాటను బుద్ధితో తూచు, చెప్పినవాణ్ణి నడతతో తూచు; ఒక తూకం చూసి రెండోది తేల్చేయకు.