పదకొండు కడవలు తాగిన నేరేడుచెట్టు

ఒకానొక రాజ్యంలో, ఎక్కడిదైతేనేం లెండి, కుంభవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయనగారి తోటలో తాతగారు నాటిన పెద్ద నేరేడుచెట్టు. దాని మీద భక్తి ఎంతంటే, మాను చుట్టూ నడుమెత్తు అరుగు కట్టించి, లోపల మట్టి నింపి, రోజూ కడవెడు పాలు పోయించేవాడు. పైగా, చెట్టుకు గోరు ఆనిస్తే వేలు తీయిస్తానని చాటింపు!

తోటమాలి పోలన్నకు ప్రాణం విసిగిపోయింది. మాను మొదట్లో కుక్కగొడుగులు మొలిచాయి. బెరడు పగిలి నల్లనీరు కారుతోంది. తెల్లారితే ఆ చెట్టు కిందే కొలువు, ఊరంతా వచ్చి కూర్చుంటుంది.

"ప్రభూ, మొదలు కుళ్ళింది. కొలువు ఇంకోచోట పెట్టించండి" అన్నాడు ఏడోసారి.

"మళ్ళీ అదే పాటా! పైన ఆకు చూడరా, ఎంత పచ్చగా ఉందో!"

ఆస్థాన వృక్షవైద్యుడు శేషావధాని తలూపాడు. "మాను వజ్రం, మహాప్రభో. ఆ గొడుగులంటారా, తాతగారికి దేవతలు పట్టినవి."

పోలన్న తల పట్టుకున్నాడు. కాసేపు ఆలోచించి, "సరే సామీ, మీరన్నదే నిజం. కానీ పాలు పైపైన పోస్తే తాతగారికి అందుతాయా? ఇదిగో, ఈ పగుల్లో ప్రభువులే స్వయంగా పోయాలి" అన్నాడు.

రాజు మురిసిపోయి ఒక కడవ వంచాడు. చుక్క బయటికి రాలేదు. రెండోది, ఐదోది... పదకొండో కడవ కూడా లోపలికే పోయింది. రాజుగారికి చెమటలు!

"చూశారా, తాతగారి ప్రీతి!" అన్నాడు అవధాని.

"ప్రీతి సరే సామీ, గట్టి మానులో పదకొండు కడవలు ఎక్కడ పట్టాయో చెప్పండి!"

అవధాని నోరు తెరిచేలోపే అరుగు రాళ్ళ సందుల్లోంచి పాలు బయటపడ్డాయి. కుళ్ళిన చెక్కపొట్టుతో, చచ్చిన చెదలతో, నల్లగా.

రాజు కళ్ళెర్రజేశాడు. "ఎవడి పని ఇది?"

"మీ భక్తే, ప్రభూ! నడుందాకా తడిమట్టి కప్పి, రోజూ పాలు గుమ్మరిస్తే మనిషైనా కుళ్ళడా?"

రాజు ఆ నల్లపాల వంకా, తన చేతిలో కడవ వంకా చూసుకొని, పకపకా నవ్వాడు. "ఇన్నేళ్ళూ తాతగారిని నేనే నానబెట్టానన్నమాట! రేపటి కొలువు కోట ముంగిట్లోనే. పోలన్నా, నీకు ఈ కంకణం, ఏటి పక్క మాగాణి, ఇంకా..."

"ముందు ఆ చెట్టు కిందనుంచి ఇవతలికి రండి, మహాప్రభో! మాగాణి రాసివ్వడానికైనా మీరుండాలిగా!"

రాజు కడుపు పట్టుకొని నవ్వుతూనే పరుగందుకున్నాడు. ఆయన ఇవతలికి వచ్చేసరికి అవధాని అప్పటికే తోట గుమ్మం దాటేశాడు.